లడ్డూ వద్దన్న అబ్బాయి

బాలాపూర్ గణపతి లడ్డూ వేలం మీకు తెలిసిందే కదూ! 1994లో 450 రూపాయలకు పోయిన లడ్డూ 2024లో 30 లక్షల వెయ్యి పలికింది. ఆ సొమ్ము ఊరి బాగుకు వాడతారు.

మా తరగతిలో ఒక అబ్బాయి మాత్రం ఏ పందిట్లో లడ్డూ పెట్టినా దణ్ణంపెట్టి ఊరుకుంటాడు. గర్వం కాదు సుమా! జీడిపప్పు పడదు. క్రిములతో పోరాడవలసిన మన రక్షణ వ్యవస్థ అతని ఒంట్లో జీడిపప్పు మాంసకృత్తును శత్రువనుకుంటుంది. వెంటనే కొన్ని కణాలు హిస్టమిన్ అనే రసాయనాన్ని వదులుతాయి. దద్దుర్లు లేస్తాయి, పెదవులు వాస్తాయి, ఒక్కోసారి ఊపిరాడదు. అప్పుడు ఎడ్రినలిన్ ఇంజక్షనే ప్రాణం నిలపాలి. "ఒక్క పలుకే కదరా, తిను" అనేవాళ్లకు ఇది తెలియదు పాపం.

దీన్ని అందరిలోనూ పూర్తిగా నయంచేసే మందు ఇంకా రాలేదు. అమెరికాలో ఊళ్లవాళ్లు కలిసి నడిచి, చందాలు పోగుచేసి ఈ పరిశోధనకు ఇస్తారు, మన లడ్డూ వేలంలాగే!