పాసుపుస్తకం మనది, లెక్క ఎవరిది?
ఓపెన్ బ్యాంకింగ్ చట్టాలు, సమ్మతి, కులం

బ్యాంకు పాసుపుస్తకం మన ఇంట్లోనే, ట్రంకుపెట్టెలోనో బియ్యం డబ్బా వెనకో ఉంటుంది. అందులో ఉన్న లెక్క ఎవరిది? ప్రశ్న వింతగా అనిపించొచ్చు. కూలి డబ్బు మనది, పొదుపు మనది, అప్పు కట్టింది మనం. మరి అవి ఎప్పుడొచ్చాయి, ఎటు పోయాయి అనే సమాచారం మనది కాకుండా ఎలా పోతుంది? కానీ చాలా దేశాల్లో మొన్నమొన్నటిదాకా బ్యాంకులు దాన్ని తమ సొత్తులాగే చూశాయి. మనం అడిగితే కాగితం మీద స్టేట్‌మెంటు ఇచ్చేవి. ఇంకో సంస్థకి నేరుగా పంపమంటే కుదరదనేవి. గత పదేళ్ళలో దీన్ని మారుస్తూ వచ్చిన నియమాలనే ఓపెన్ బ్యాంకింగ్ అంటున్నారు. బ్యాంకు ఖాతా దగ్గర ఆగకుండా ఇన్సూరెన్సు, పెన్షన్, మ్యూచువల్ ఫండ్ దాకా అదే సూత్రాన్ని పొడిగిస్తే ఓపెన్ ఫైనాన్స్ అవుతుంది.

దీని మీద మేం చూసిన రాతలు ఎక్కువగా వ్యాపారం చేసేవాళ్ళవి, లేదా నియంత్రించేవాళ్ళవి. అప్పు కోసం ఫోన్లో 'అంగీకరిస్తున్నాను' అని నొక్కేవాళ్ళ వైపు నుంచి రాసినవి తక్కువ. మేం ఆ వైపు నుంచి చూడదలిచాం.

అప్పు లెక్క అప్పిచ్చినవాడి దగ్గరే ఉండటం కొత్తేం కాదు. షావుకారు పద్దులో ఎంత రాసుకున్నాడో, కట్టినదాంట్లో ఎంత తీసేశాడో వేలిముద్ర వేసినవాళ్ళకి తెలిసేది కాదు. 1930లో పంజాబులో ప్రత్యేకంగా ఒక చట్టం తెచ్చి, ఆర్నెల్లకోసారి అప్పుదారుకి లెక్క రాసి ఇవ్వాలని షావుకార్లని నిర్బంధించాల్సి వచ్చింది. తన లెక్క తాను చూసుకునే హక్కు కూడా చట్టం చేస్తేగాని రాలేదన్నమాట. ఓపెన్ బ్యాంకింగ్‌లో ఉన్న మంచి ఈ వరుసలోదే. అయితే ఒక తేడా ఉంది. అప్పటి గొడవ లెక్క మన చేతికి రావడం గురించి. ఇప్పటిది మన లెక్క మూడోవాడి చేతికి పోవడం గురించి.

ఈ నియమాలు పేదల కోసం పుట్టలేదు. ఆ మాట ముందే చెప్పుకోవాలి. బ్రిటన్‌లో వ్యాపార పోటీ వ్యవహారాలు చూసే సి.ఎం.ఏ. అనే ప్రభుత్వ సంస్థ బ్యాంకుల మీద విచారణ జరిపి 2016 ఆగస్టులో తుది నివేదిక ఇచ్చింది. పాత పెద్ద బ్యాంకులకి ఖాతాదారుల కోసం కష్టపడాల్సిన అవసరమే లేకుండా పోయిందనీ, మామూలు ఖాతాదారుల్లో ఏడాదికి నూటికి 3 మందే బ్యాంకు మారుతున్నారనీ తేల్చింది. మారాలంటే ఏ బ్యాంకు తన దగ్గర ఎంత గుంజుతోందో తెలియాలి. అది తెలియాలంటే తన లెక్కలు ఇంకొకరు చూసి, పోల్చి చెప్పాలి. అందుకని 9 పెద్ద బ్యాంకులకి ఆదేశం వెళ్ళింది. అందరూ ఒకే ప్రమాణంతో కంప్యూటర్ ద్వారం పెట్టాలి. ఆ ప్రమాణాలు తయారుచేసే సంస్థ ఖర్చు కూడా వాళ్ళే పెట్టుకోవాలి. ఖాతాదారుడు సరేనంటే, అనుమతి పొందిన మూడో సంస్థకి లెక్క ఇచ్చి తీరాలి. 2018 జనవరి 13న ఇది మొదలైంది. 2025 నాటికి వాడేవాళ్ళు కోటిన్నరకి చేరారు. అదే ఏడాది జూన్‌లో వచ్చిన డేటా చట్టంతో, ఈ పద్ధతిని బ్యాంకులు దాటి ఇతర రంగాలకి పొడిగించే అధికారం ప్రభుత్వానికి దఖలు పడింది.

యూరప్ కథ ఇంకాస్త ముందు మొదలైంది. జర్మనీలో సోఫోర్ట్ అనే కంపెనీ ఉండేది. ఇంటర్నెట్‌లో సరుకు కొన్నవాళ్ళు తమ బ్యాంకు పిన్ నంబరు దాని పేజీలో కొడితే, వాళ్ళ తరఫున డబ్బు పంపించేది. 'పిన్ ఇంకెవరికీ ఇవ్వరాదు' అనే తమ నిబంధన చూపించి బ్యాంకులు దీన్ని అడ్డుకోజూశాయి. 2016లో అక్కడి పోటీ నియంత్రణ సంస్థ ఆ నిబంధన పోటీని చంపేదిగా ఉంది, చెల్లదు అంది. భద్రత అనే మాట నిజమైన భయంతోనూ అనొచ్చు, గుత్తాధిపత్యం కాపాడుకోడానికీ అనొచ్చు. రెండూ ఒకే నోటి నుంచి వస్తే విడదీయడం కష్టం. ఈలోగా 2015లోనే యూరోపియన్ యూనియన్ పి.ఎస్.డి.2 అనే ఆదేశం చేసింది. అది 2018 జనవరి నుంచి వర్తించింది. అనుమతి పొందిన సంస్థ అడిగితే, ఖాతాదారుడి సమ్మతి ఉంటే, బ్యాంకు ఒప్పందం కావాలని మెలిక పెట్టకుండా లెక్క చూపించాలి. దానికి రుసుము అడగకూడదు. 2023 జూన్‌లో అప్పులు, పెట్టుబడులు, ఇన్సూరెన్సుల దాకా దీన్ని పొడిగించే ప్రతిపాదన పెట్టినప్పుడు మాత్రం, సమాచారం ఇచ్చేవాళ్ళు దానికి కొంత ప్రతిఫలం తీసుకోవచ్చన్నారు. ఉచితం అన్న మాట అక్కడ సడలింది.

ఎవరు ఖర్చు భరించాలి అన్న పేచీ పచ్చిగా బయటపడింది అమెరికాలో. 2010 నాటి డాడ్-ఫ్రాంక్ చట్టంలో 1033వ సెక్షన్ ఉంది. తన సమాచారం పొందే హక్కు వినియోగదారుడికి ఉందని అది చెప్తుంది. కానీ దాన్ని అమలుపరిచే నియమాలు 14 ఏళ్ళు రాలేదు. ఆ 14 ఏళ్ళూ జనం ఏం చేశారు? తమ బ్యాంకు పాస్‌వర్డ్‌ని మధ్యవర్తి కంపెనీలకి ఇచ్చారు. ఆ కంపెనీల యంత్రం ఖాతాదారుడి వేషంలో బ్యాంకులోకి వెళ్ళి పేజీలు గీక్కుని తెచ్చేది. ప్లెయిడ్ అనే మధ్యవర్తి అవసరానికి మించి సమాచారం తీసుకుంటోందని జనం దావా వేస్తే, ఆ కంపెనీ 2021లో 5.8 కోట్ల డాలర్లకి రాజీపడింది. చివరికి 2024 అక్టోబరు 22న నియమాలు వచ్చాయి. సమాచారం ఉచితంగా ఇవ్వాలన్నాయి. అదే రోజు బ్యాంకుల సంఘాలు కెంటకీలో కోర్టుకెక్కాయి. తర్వాతి ఏడాది ప్రభుత్వం మారాక, నియమాలు చేసిన సంస్థే వాటిని రద్దు చేయమని కోర్టుని అడిగి, మళ్ళీ మనసు మార్చుకుని తిరగరాస్తామంది. ఆ సందులో జె.పి. మోర్గాన్ బ్యాంకు తన దగ్గర సమాచారం తీసుకునేవాళ్ళు డబ్బు కట్టాలంది. 2025 సెప్టెంబరులో ప్లెయిడ్ కట్టడానికి ఒప్పుకుంది. అక్టోబరులో కోర్టు నియమాల అమలుని ఆపింది. చట్టంలో హక్కు రాసి ఉండటానికీ, అది చేతికి రావడానికీ మధ్య ఎంత దూరమో దళిత కార్యకర్తలకి మేం కొత్తగా చెప్పక్కర్లేదు.

ఆస్ట్రేలియా దీనికి పూర్తి భిన్నం. అక్కడ 2019లో చట్టమే చేసి, 2020 జూలై నుంచి నాలుగు పెద్ద బ్యాంకుల్లో మొదలుపెట్టారు. కట్టుదిట్టంగానే రాశారు. కానీ 2023 చివరికి దాన్ని వాడుతున్న ఖాతాదారులు నూటికి ఒక్కరు కూడా లేరని బ్యాంకుల సంఘం చేయించిన సమీక్షలో తేలింది. బ్యాంకులు చెప్పే లెక్క కాబట్టి కొంత తగ్గించి చదువుకోవచ్చు గానీ, వాడకం తక్కువన్నది వాస్తవం. బ్రెజిల్‌లో కేంద్ర బ్యాంకే పూనుకుంది. 2020లో నియమాలు చేసి, 2021 ఫిబ్రవరి నుంచి దశలవారీగా పెద్ద బ్యాంకులన్నిటికీ తప్పనిసరి చేసింది. ఇతరుల దగ్గర సమాచారం తీసుకునేవాళ్ళు తమ దగ్గరున్నదీ ఇవ్వాలని షరతు పెట్టింది.

మన దేశం పద్ధతి వేరు. 2016 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు అకౌంట్ అగ్రిగేటర్ అనే కొత్త రకం సంస్థలకి నిబంధనలు చేసింది. 2021 సెప్టెంబరులో 8 బ్యాంకులతో ఇది నడక మొదలుపెట్టింది. అగ్రిగేటర్ అంటే మధ్యలో నిలబడే తపాలా మనిషి అనుకోండి. ఉత్తరం మోస్తాడు, విప్పడు, దాచుకోడు. పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వక్కర్లేదు. ఏ ఖాతా, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ పని కోసం, ఎన్నిసార్లు, ఎంతకాలం ఉంచుకోవచ్చు అన్నవన్నీ సమ్మతి పత్రంలో విడివిడిగా ఉంటాయి. చేరడం బ్యాంకుల ఇష్టానికే వదిలారు. కాకపోతే సమాచారం తీసుకునేవాళ్ళ దగ్గర ఖాతాలుంటే వాళ్ళూ ఇచ్చే వరసలో చేరాలని 2023 అక్టోబరులో రిజర్వు బ్యాంకు చెప్పింది. యంత్రంగా చూస్తే ఇది అమెరికా అరాచకం కంటే ఎంతో మెరుగు. దాన్ని ఒప్పుకోవడానికి మాకు అభ్యంతరం లేదు.

మా అభ్యంతరం ఆ ఉత్తరంలో ఏముంటుంది అన్నదగ్గర. ఖాతాదారు పేరు, పుట్టిన తేదీ, చిరునామా, నామినీ, ప్రతి లావాదేవీ పక్కన రాసే వివరణ అందులో వెళ్ళగలవు. మన ఊళ్ళల్లో చిరునామా అంటే ఏమిటి? మాలపల్లె, మాదిగపల్లె, హరిజనవాడ, అరుంధతి నగర్, అంబేద్కర్ కాలనీ. ఇంటిపేరు చూసి కులం పోల్చుకునే విద్య ఇక్కడ బడికి పోకుండానే వస్తుంది. సాంఘిక సంక్షేమ శాఖ నుంచి పడ్డ స్కాలర్‌షిప్పు, ఎస్సీ కార్పొరేషన్ రుణం సబ్సిడీ, ఉపాధిహామీ కూలి పక్కపక్కన పెడితే కులం అనే గడి లేకుండానే కులం నిండిపోతుంది. అప్పివ్వడంలో కులాన్ని బట్టి వివక్ష చూపరాదని రిజర్వు బ్యాంకు 2003 నాటి నియమావళిలోనే ఉంది. మనిషి చూపితే కనీసం అడగొచ్చు. కంప్యూటర్ మార్కులేసి 'అర్హత లేదు' అంటే, ఏ గడి చూసి వేసిందో ఎవర్నడగాలి?

ఇది మా అనుమానం మాత్రమే కాదు. ఖాతా లెక్కలు మనిషి మతాన్నీ, రాజకీయాన్నీ, రోగాన్నీ బయటపెడతాయని యూరప్ డేటా రక్షణ బోర్డు 2020లోనే గుర్తించింది. చర్చికిచ్చిన చందా, యూనియన్‌కి కట్టిన సభ్యత్వం, ఆసుపత్రి బిల్లు అన్నీ అందులో ఉంటాయి గదా. అసలు సమ్మతే ఇవ్వని మూడో మనిషి పేరు కూడా నా ఖాతాలో ఉంటుంది, నేను డబ్బు పంపిన చెల్లెలిది. ఆమె సంగతి కూడా ఆలోచించాలని ఆ బోర్డు చెప్పింది. అక్కడి డేటా చట్టంలో జాతి, మతం, ఆరోగ్యం లాంటి వాటికి ప్రత్యేక రక్షణ ఉంది. బ్రెజిల్ 2018 చట్టంలోనూ జాతి మూలం సున్నితమైన సమాచారమే.

మన దగ్గర? 2018లో శ్రీకృష్ణ కమిటీ రాసిన ముసాయిదాలో 'కులం లేక తెగ' సున్నితమైన సమాచారం జాబితాలో ఉంది. 2019లో పార్లమెంటులో పెట్టిన బిల్లులోనూ ఉంది. 2023లో చట్టమైన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో ఆ జాబితానే లేదు. మొత్తం సమాచారాన్నీ ఒకే గాటన కట్టేశారు. చెప్పుల సైజూ కులమూ చట్టం దృష్టిలో ఇప్పుడు ఒకటే రకం సమాచారం. ఓపెన్ బ్యాంకింగ్ మీద జరిగే చర్చల్లో ఈ తీసివేత గురించి మాట్లాడేవాళ్ళు మాకు పెద్దగా కనబడలేదు.

అన్నిటికీ సమ్మతే జవాబంటున్నారు. సమ్మతి స్వేచ్ఛగా, షరతులు లేకుండా ఉండాలని 2023 చట్టమూ అంటోంది. రేపు ఫీజు కట్టకపోతే హాల్‌టికెట్ రాని పిల్లకి, అప్పు ఇచ్చేవాడు స్క్రీన్ మీద పెట్టిన బటన్ ముందు ఏ స్వేచ్ఛ ఉంటుంది? 2020లో హైదరాబాదులోనూ తెలంగాణ జిల్లాల్లోనూ లోన్ యాప్‌ల వేధింపులకి మనుషులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ యాప్‌లు కూడా అనుమతి అడిగాయి. ఫోన్లోని నంబర్లు, ఫోటోలు చూడటానికి 'సరే' అని నొక్కించుకున్నాయి. తర్వాత ఆ నంబర్లకే ఫోన్లు చేసి పరువు తీశాయి. అవి అగ్రిగేటర్ దారిలో వచ్చినవి కావు, నిజమే. కానీ వాటిని ఆపింది సమ్మతి కాదు. ఆ సమాచారం అడగనే కూడదు అనే నిషేధం. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు డిజిటల్ అప్పుల నిబంధనల్లో, ఖాతాదారుడు ఒప్పుకున్నా సరే, ఫోన్లోని నంబర్లూ ఫైళ్ళూ అప్పు యాప్‌లు ముట్టుకోకూడదంది. 2025 మేలో నిబంధనలన్నిటినీ ఒకచోటికి తెచ్చింది. మేం అడిగేది అదే రకం గీత. చిరునామా, ఇంటిపేరు, సంక్షేమ పథకాల జమల ఆధారంగా అప్పు మార్కులు వేయకూడదని రాయాలి. మార్కు ఎందుకు తగ్గిందో అడిగిన మనిషికి అర్థమయ్యే భాషలో, అంటే తెలుగులో, చెప్పాలని రాయాలి.

అది వచ్చేదాకా విద్యార్థులకీ, పొదుపు సంఘాల వాళ్ళకీ టీచర్లు, కార్యకర్తలు చెప్పగలిగింది కొంత ఉంది. అప్పు యాప్ తీసేసినంత మాత్రాన ఇచ్చిన సమ్మతి పోదు. ఏ అగ్రిగేటర్ ద్వారా ఇచ్చామో అందులోకి వెళ్ళి చూడాలి. అక్కడ మన సమ్మతుల జాబితా ఉంటుంది. పని ఏమిటి, గడువు ఎంత, ఎన్నిసార్లు తీసుకుంటారు అనేవి చదవాలి. ఒక్కసారి అప్పు కోసం అడిగి, నెలనెలా తీసుకునే అనుమతి రాయించుకున్నారేమో చూడాలి. అక్కర్లేనిది అక్కడే రద్దు చేయాలి. రద్దు చేస్తే ఇకముందు తీసుకోవడం ఆగుతుంది. అప్పటికే తీసుకున్నది వాళ్ళ దగ్గర ఎంతకాలం ఉంటుందో కూడా ఆ పత్రంలోనే రాసి ఉంటుంది.