తీగలేని ఇంటర్నెట్టు: దేశమున నెలకొనుటకు వలయు కట్టుబాట్లు



నేడు నేను ప్రసంగింపవలసిన విషయము తీగలేని ఇంటర్నెట్టు. ఒక దేశమున దానిని ప్రవేశపెట్టవలెనన్న ఏయే కట్టుబాట్లు కుదరవలెనో, వానిలో ఏది తప్పినచో పల్లెటూళ్లకు ఎట్టి నష్టము వాటిల్లునో యథాశక్తి మనవి చేయుదును. "బెజవాడ నడివీథిలో అంత చుఱుకుగా పనిచేయు ఫోను సముద్రపుటొడ్డు గ్రామములలో ఏల మందగించును? తీగయే అక్కఱలేని దానికి దూరముతో నేమి పని?" అని పల్లెపెద్దలు అడుగుట కలదు. ప్రశ్న న్యాయమైనది. కృష్ణకాలువల మర్మమెఱిగిన వారికి సమాధానము సులభముగనే బోధపడును.

కృష్ణానది అనాదిగా పాఱుచునే యున్నది. అయినను 1855లో బెజవాడవద్ద ఆనకట్ట పూర్తియగువఱకు డెల్టాపొలములకు నమ్మకమైన నీరు లేదు. నదిలో నీరుండుట వేఱు, ఆ నీరు మడికి చేరుట వేఱు. ఆనకట్ట, కాలువ, లాకు, తూము, బోదె, వంతు, తీరువా ఇవన్నియు కుదిరిననే సేద్యము సాగును. పాత ఆనకట్టకు బదులు 1957లో ప్రకాశము బరాజు వచ్చిన తరువాతను శివారు రైతు తన వంతుకై యెదురుచూచుట మానలేదు. తరంగముల కథయు ఇట్టిదే.

మొదటి కట్టుబాటు తరంగముల పంపకము. విజయవాడ రేడియో కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన ప్రారంభమయ్యెను. దాని మధ్యతరంగ ప్రసారములకు 837 కిలోహెర్ట్‌జుల స్థానము గుర్తని పాతశ్రోత లెఱుగుదురు. అనగా సెకనుకు 8,37,000 మార్లు కంపించు తరంగమన్నమాట. దాని పొడవు సుమారు 358 మీటరులు. ఆ స్థానముననే దాపున మఱియొక కేంద్రము పలికెనా, రెండును కలగాపులగమై ఏదియు తెలియదు. కావున ఎవరికే స్థానమో ముందుగా నిర్ణయింపవలెను. దేశములమధ్య ఈ యొడంబడికలను 1865లో పుట్టిన అంతర్జాతీయ టెలికమ్యూనికేషను సమితి నడుపును. మన దేశములోపల కేంద్రప్రభుత్వము నిర్ణయించును. వాయుతరంగములు ప్రజల సొత్తని 1995లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను.

ఒక మధ్యతరంగ కేంద్రమునకు 9 కిలోహెర్ట్‌జుల వెడల్పు చాలును. 2010లో మన ప్రభుత్వము ఇంటర్నెట్టుకై వేలమువేసిన ఒక్కొక్క భాగపు వెడల్పు 20 మెగాహెర్ట్‌జులు. అందులో రెండువేలకు పైగా రేడియో కేంద్రములు పట్టును. మాటకు పిల్లకాలువ చాలును. కదలు బొమ్మలకు పెద్దకాలువ వలయును. దీనికి బ్రాడ్‌బ్యాండు, అనగా వెడల్పైన పట్టీ, అను పేరు వచ్చుట ఇందుచేతనే. ఒక టవరుక్రింద ఉన్నవారందఱును ఆ యొక్క కాలువనుండియే తోడుకొందురు. సాయంకాలము అందఱును ఒక్కమాఱు తోడినప్పుడు ప్రవాహము సన్నగిల్లుట సహజము.

తరంగములన్నియు ఒక్కతీరువి కావు. 700 మెగాహెర్ట్‌జుల తరంగము పొడవు మూరకు కొంచెము తక్కువ. అది దూరము పోవును, గోడలను దాటును, కొలదిపాటి టవరులతో పెక్కు గ్రామములను కప్పును. 3,300 మెగాహెర్ట్‌జుల తరంగము పొడవు సుమారు 9 సెంటీమీటరులు. అది ఎక్కువ బరువు మోయును, తక్కువ దూరము నడచును. ఇంకను పొట్టివి గోడయో చెట్టో అడ్డమైనచో ఆగిపోవును. 1890ల దశకమున జగదీశ చంద్రబోసు కలకత్తాలో పరిశోధించినవి అంగుళములోపు పొడవుగల అట్టి పొట్టి తరంగములే. జనము క్రిక్కిఱిసిన పట్టణమునకు పొట్టి తరంగమును, చెదరుమదరుగా నున్న పల్లెలకు పొడవు తరంగమును అనుకూలములు.

రెండవ కట్టుబాటు సరియైన ధర. ఊరి చేపలచెరువు వేలమును తలచుకొనుడు. పాట మితిమీఱిన పాటదారు చెరువును వదలుకొనును, లేదా చేపలధర పెంచును. పాటయే లేక తెలిసినవారికి అప్పగించినచో ఊరు మోసపోవును. ఈ రెండు కష్టములను మన దేశము చూచినది. 2008లో ముందువచ్చిన వారికి ముందని పంచిన 122 లైసెన్సులను సుప్రీముకోర్టు 2012 ఫిబ్రవరి 2వ తేదీన రద్దుచేసెను. తరువాత వేలము నియమమయ్యెను. కాని 2016 వేలములో పల్లెలకు మిక్కిలి పనికివచ్చు 700 మెగాహెర్ట్‌జుల తరంగములకు దేశమంతటికిని ఒక్కొక్క మెగాహెర్ట్‌జు 11,485 కోట్ల రూపాయలని కనీసధర పెట్టగా ఒక్కరును పాడలేదు. 2021లోను అవి అమ్ముడుపోలేదు. 2022లో ధరను 3,927 కోట్లకు దింపినమీదట ఒక కంపెనీ కొనెను. ఆఱు సంవత్సరములు ఆ తరంగములవలన ఖజానాకు కాసు రాలేదు, పల్లెకు ఫలము అందలేదు. నీరు సముద్రము పాలైనట్లయ్యెను.

మూడవ కట్టుబాటు పరికరములును, అనుమతియును. 2010 జూను 11వ తేదీన ముగిసిన వేలములో ఇంటర్నెట్టు తరంగములవలన ప్రభుత్వమునకు 38,000 కోట్ల రూపాయలకు పైగా వచ్చెను. ఆంధ్రప్రదేశమున రెండు భాగములు అమ్ముడు పోయెను. ఒకదానిని కొన్న ఇన్ఫోటెల్ కంపెనీని వెంటనే రిలయన్సు వారు చేజిక్కించుకొనిరి. అదియే నేటి జియో. రెండవదానిని ఎయిర్‌సెల్ కంపెనీ కొని, 2016లో ఎయిర్‌టెల్‌కు అమ్మివేయుటకు ఒప్పుకొనెను. జియో సేవ ప్రజలకు అందినది 2016 సెప్టెంబరు 5న. వేలమునకును సేవకును నడుమ ఆఱేండ్లు గడచెను.

ఏల ఇంత ఆలస్యము? వేలమునాటికి వైమాక్సు, ఎల్.టి.ఇ. అను రెండు పద్ధతులు పోటీపడుచుండెను. లోకము రెండవదానివైపు మొగ్గెను. దానికి తగిన ఫోనులు చౌకగా దొరకుటకు కాలము పట్టెను. మఱియు ఆ లైసెన్సు ఇంటర్నెట్టుకు మాత్రమే. దానిపై మాటలాడించుటకు అధికారము లేదు. 2013లో అదనపు రుసుము చెల్లించిన పిమ్మట ఆ యనుమతి లభించెను. టవరులు నిలుపవలసి యుండెను, తీగలు పఱవవలసి యుండెను. తరంగమును కొనుట పొలము కొనుట వంటిది. ఎడ్లు, నాగలి, విత్తనము వేఱుగా సమకూర్చుకొనవలెను.

తీగలు అంటిని. ఇదియే నాలుగవ కట్టుబాటు. ఫోనునుండి టవరు వఱకే తీగలేదు. టవరునుండి లోకమునకు సాధారణముగా తీగయే మార్గము. వెండ్రుకవంటి గాజునూలులో వెలుతురు రూపమున వార్తలు పోవును. టవరుకు ఈ గాజుతీగ లేనిచో, తూము పెద్దదైనను వెనుక కాలువ సన్నమైనట్లే యగును. గ్రామపంచాయతీలకు ఈ తీగ చేర్చుటకై కేంద్రప్రభుత్వము 2011లో తలపెట్టిన పథకమే నేటి భారత్‌నెట్. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము నేల త్రవ్వు ఖర్చు తగ్గించుకొనుటకై కరెంటుస్తంభములమీదుగా తీగ లాగించెను. ఆ ఫైబరు గ్రిడ్డును 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామనాథ్ కోవింద్ ప్రారంభించిరి. స్తంభముమీది తీగ చౌక. గాలివానకు తెగుట మాత్రము సులభము. ఇక టవరుకు స్థలము, కరెంటు, బాట వలయును. టవరు వెలువరించు కిరణములకు భయపడువారు కలరు. 2012 సెప్టెంబరు 1 నుండి మన దేశపు పరిమితిని అంతర్జాతీయ పరిమితిలో పదవవంతుగా నిర్ణయించిరి. భయపడి యడ్డగించుటకంటె కొలిపించి చూపుమని కోరుట మేలు.

ఐదవ కట్టుబాటు న్యాయము నడుపు అధికారి. 1997లో ఏర్పడిన టెలికాం నియంత్రణ సంస్థ, ట్రాయి, ధరలను పోటీని కనిపెట్టును. 2011 జనవరినుండి దేశమంతట నంబరు మార్చుకొనకయే కంపెనీని మార్చుకొను హక్కు వచ్చెను. 2016 ఫిబ్రవరిలో, ఇంటర్నెట్టులో ఒక చోటికి ఒక ధర, మఱియొక చోటికి వేఱొక ధర పెట్టరాదని ట్రాయి కట్టడిచేసెను. తూము కాపరి తనకిష్టమైన పొలమునకు నీరు మళ్లింపరాదనుట ఎట్టిదో ఇదియు నట్టిదే.

కాని న్యాయము పోటీతో ముగియదు. కంపెనీ లాభమున్నచోటికే ముందుగా పోవును, అది వ్యాపారధర్మము. అయిదవ తరము సేవ దేశమున 2022 అక్టోబరు 1న ఆరంభమై, ఆ డిసెంబరుననే విజయవాడ గుంటూరులకు వచ్చెను. శివారునకు చేర్చుటకు మాత్రము ప్రత్యేకమైన బాధ్యత విధింపవలయును. ఇందులకై 2002లో సార్వత్రిక సేవానిధి ఏర్పడెను. కంపెనీల ఆదాయమున నూటికి 5 వంతులు దానికి చెందునట్లు నిర్ణయించిరి. 2023 టెలికమ్యూనికేషనుల చట్టము దానికి డిజిటల్ భారత్ నిధి అని పేరుపెట్టెను. ఈ ధనము మీవంటి గ్రామములకొఱకే యున్నది.

ఇది సరదా కొఱకైన వస్తువే యైనచో శివారునకు ఆలస్యముగా వచ్చినను బాధలేదు. కాని 1977 నవంబరు 19వ తేదీన ఉప్పెన దివిసీమను ముంచినప్పుడు వేలకొలది ప్రాణములు పోయినవి. ఎన్నో కుటుంబములకు రానున్న ఆపద సకాలమున తెలియలేదు. తరువాత బయటిలోకమునకు వార్త చేరుటయు కష్టమయ్యెను. నేడు ఒక టవరుక్రింది ఫోనులన్నింటికి ఒక్కసారిగా హెచ్చరిక పంపు విధానమును 2023లో మన దేశమున పరీక్షించిరి. ఆ హెచ్చరిక టవరు లేనిచోట మ్రోగదు. బ్యాటరీ యుడిగిన టవరువద్దను మ్రోగదు. ఎవరికి ఆపద ముందు వచ్చునో వారికే తరంగము చివరవచ్చుట ధర్మము కాదు.

కావున పెద్దలకు నా మనవి. గ్రామసభలో ఈ ప్రశ్న లడుగుడు. మన పంచాయతీకి వచ్చిన గాజుతీగ పనిచేయుచున్నదా, ఊరక చుట్టబడి యున్నదా? దగ్గఱి టవరు ఆ తీగతో కలిసినదా? కరెంటు పోయినచో అది ఎన్ని గంటలు నిలుచును? తుపాను ఆశ్రయభవనములో ఫోను పలుకుచున్నదా? కాగితముమీది పటమునందు రంగువేసిన చోటెల్ల సేవ యున్నట్లు కాదు. ఊరి చివరియింట నిలిచి చూచినదే నిజమైన కొలత. కాలువ పని పూర్తియైనదని చెప్పవలసినవాడు శివారు రైతు. తరంగము చేరినదని చెప్పవలసినవారు మీరు.