మెట్ల కింద సైకిల్

మంచిర్యాలలో మా చిన్నప్పుడు గంటకు అర్ధరూపాయి ఇస్తే కిరాయి సైకిల్ దొరికేది. సీటు అందదు కదా, ఫ్రేములోంచి కాలు దూర్చి కైంచీ తొక్కేదాన్ని. ఓణీ వేసుకున్నాక “ఇక చాల్లే” అంది అమ్మ. అంతే!

అందుకే కరీంనగర్‌లో మా పాపకు ముచ్చటపడి సైకిల్ కొన్నాను. పట్టుమని పదిరోజులు బడికి తొక్కిందో లేదో, ఓ లారీ రాసుకుంటూ పోయింది. దెబ్బ తగల్లేదు గానీ నా గుండె జారిపోయింది. మెట్ల కింద పెట్టి తాళం వేశాను. అమ్మ చేసిన పనే నేనూ చేశానన్నమాట.

2017 జూన్‌లో నెదర్లాండ్స్‌లో ఉన్న మా చెల్లెలింటికి వెళ్లాం. అప్పుడే అక్కడి ఆర్న్‌హెమ్, నైమెగన్ నగరాల్లో ‘వెలో సిటీ’ అనే అంతర్జాతీయ సైక్లింగ్ సదస్సు. మరిది పేర్లు రాయించాడు. సదస్సు వాళ్ల సైకిల్ ఊరేగింపులో ఇంటిల్లిపాదీ కలిశాం. నేను చీర కుచ్చిళ్లు దోపుకుని, ముప్ఫై ఏళ్ల తర్వాత! నైమెగన్‌లో రైలు వంతెనను ఆనించి సైకిళ్ల కోసమే 2004లో ఇంకో వంతెన కట్టారు. దానిమీద బామ్మలు కూరగాయల సంచులతో నింపాదిగా పోతున్నారు.

“వాళ్ల పైసలు, వాళ్ల రోడ్లు. మనకెక్కడైతది?” అన్నారు మావారు.

“ఊరికే రాలేదు బావా” అంది చెల్లెలు. 1971లో ఆ చిన్న దేశంలో రోడ్డు ప్రమాదాల్లో దాదాపు 3,300 మంది పోయారట. అందులో 400 మందికి పైగా పిల్లలు. కూతుర్ని పోగొట్టుకున్న విక్ లాంగెన్‌హాఫ్ అనే విలేకరి 1972లో రాసిన వ్యాసం శీర్షికే ఉద్యమానికి పేరైంది, ‘పిల్లల హత్యలు ఆపండి’ అని. తొలి అధ్యక్షురాలు మార్ట్యే వాన్ పుట్టెన్ అప్పటికి చిన్నవయసు తల్లి. వీధుల్లో కార్లు ఆపేసి, బల్లలు వేసి, అందరూ కలిసి భోంచేసేవారట. పిల్లలు రోడ్డుమీదే ఆటలు.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

తిరిగొచ్చాక తాళం తీశాను. గల్లీ దారులు వెతికాం. పెద్దరోడ్డు దాటే మలుపు ఒక్కటే తప్పలేదు. అక్కడ ఒకపూట నేను, ఒకపూట పక్కింటి అక్క నిలబడేవాళ్లం. చెయ్యెత్తితే ఆటోవాళ్లు విసుక్కునేవారు. పదో తరగతి అయ్యేదాకా అలాగే గడిచింది.

ఇప్పుడా సైకిల్ ఎదురింటి పాప తొక్కుతోంది. ఆ మలుపు దగ్గర వాళ్లమ్మ నిలబడుతోంది.