పప్పుగింజల ప్రోటీన్ పొడి: యువ క్రీడాకారులకు ఎంతవరకు అవసరం?

ఆస్ట్రేలియా సూపర్‌మార్కెట్లలో నేడు పాల నుంచి తీసే వే ప్రోటీన్ డబ్బాల సరసనే బఠానీ, సోయా, బియ్యం నుంచి తీసిన ప్రోటీన్ పొడులు కూడా దొరుకుతున్నాయి కనుక, అవి సాధనలో అలసిన కండరాలకు నిజంగా మేలు చేస్తాయా, ఎదిగే వయసు పిల్లలకు క్షేమమా అన్నది తల్లిదండ్రులు జాగ్రత్తగా తెలుసుకోవలసిన విషయం.

కఠినమైన వ్యాయామంలో కండరాల నారలు సూక్ష్మస్థాయిలో దెబ్బతింటాయి. శరీరం వాటిని బాగుచేసుకుంటూ కొత్త మాంసకృత్తులను, అంటే ప్రోటీన్లను, నిర్మించుకోవడం కండరాలు కోలుకోవడంలో ప్రధాన భాగం. ప్రోటీన్లకు మూలమైన అమైనో ఆమ్లాల్లో ఆహారం ద్వారా మాత్రమే లభించేవి 9 ఉండగా, వాటిలో ల్యూసిన్ అనేది ఈ నిర్మాణాన్ని ప్రారంభింపజేసే సంకేతంగా పనిచేస్తుంది. 25 గ్రాముల వే ప్రోటీన్‌లో ల్యూసిన్ సుమారు 2.5 గ్రాములు ఉంటే, అంతే బఠానీ ప్రోటీన్‌లో దాదాపు 2 గ్రాములే ఉంటుంది. పైగా పప్పుల్లో మెథియోనిన్, ధాన్యాల్లో లైసిన్ అనే అమైనో ఆమ్లాలు తక్కువ కాబట్టి, రెండింటినీ కలిపి తింటే ఒకదాని కొరతను మరొకటి తీరుస్తుంది.

మోతాదు సరిపోతే ఈ తేడాకు పెద్ద ప్రాముఖ్యం లేదని, బ్రెజిల్‌లో యువకులపై జరిపి 2021లో ప్రచురించిన అధ్యయనం సూచిస్తోంది. శరీర బరువులో ప్రతి కిలోకు రోజుకు 1.6 గ్రాముల ప్రోటీన్ అందేలా చూస్తూ 12 వారాలు బరువులెత్తించినప్పుడు, పూర్తి శాకాహారుల కండరాలు కూడా మాంసాహారుల కండరాలతో సమానంగా పెరిగాయి. అయితే ఆ ఫలితం వయోజనులది కనుక, కౌమారంలో ఉన్నవారికి దానిని యథాతథంగా వర్తింపజేయరాదు.

1981లో కాన్‌బెరాలో ఏర్పడిన ఆస్ట్రేలియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్, సప్లిమెంట్లను శాస్త్రీయ ఆధారాలను బట్టి ఎ, బి, సి, డి వర్గాలుగా విభజించి, ప్రోటీన్ పొడులను ఎ వర్గంలో చేర్చినా, మొదటి స్థానం ఆహారానిదేనని బోధిస్తోంది. 15 ఏళ్లలోపు పిల్లలకు తగదని, వైద్యుల లేదా పోషకాహార నిపుణుల పర్యవేక్షణలోనే వాడాలని క్రీడా ఆహారాల డబ్బాలపై ముద్రించాలన్నది అక్కడి ఆహార ప్రమాణాల నియమం. పైకి చెప్పని నిషిద్ధ పదార్థాలు పొడిలో కలిసి ఉండవచ్చు కాబట్టి, ఏ సప్లిమెంటూ పూర్తిగా సురక్షితం కాదని 2020లో ఏర్పడిన స్పోర్ట్ ఇంటెగ్రిటీ ఆస్ట్రేలియా హెచ్చరిస్తూ, తప్పనిసరైతే ప్రతి తయారీ విడతనూ స్వతంత్ర ప్రయోగశాలలో పరీక్షించిన వాటినే ఎంచుకోమంటోంది. పశ్చిమ ఆస్ట్రేలియాలో విరివిగా పండే లూపిన్ గింజల ప్రోటీన్ కొందరికి, ముఖ్యంగా వేరుశనగ పడని వారిలో కొందరికి, అలర్జీ కలిగిస్తుంది కాబట్టి దాని పేరును కూడా లేబుల్‌పై చూసుకోవాలి.

వ్యాయామం తరువాత ఒక పూటకు కిలోకు 0.3 గ్రాముల ప్రోటీన్ చాలునన్న లెక్కన 60 కిలోల బరువున్న యువ క్రీడాకారుడికి 18 గ్రాములు కావాలి. వండకముందు తూచిన 100 గ్రాముల బియ్యం, 50 గ్రాముల కందిపప్పుతో వండిన పప్పన్నానికి ఒక కప్పు పెరుగు జోడిస్తే, సిడ్నీ, మెల్‌బోర్న్‌లలోని తెలుగు ఇళ్లలో కూడా అంత ప్రోటీన్ ఒక్క భోజనంలోనే అందుతుంది. అన్నంలోని పిండిపదార్థం ఖర్చయిన శక్తిని తిరిగి నింపుతుంది. చాలినంత నిద్ర, నీరు, సమయానికి భోజనం అమరిన తరువాత కూడా లోటు మిగిలిందని నిపుణులు తేల్చినప్పుడే పొడి డబ్బా కొనడం, పిల్లల ఆరోగ్యానికీ వారి క్రీడా భవిష్యత్తుకూ శ్రేయస్కరం.