మైలుతుత్తపు నీటిలో రెండు లోహాలు

రసాయనశాస్త్రమంటే సమీకరణాలను కంఠస్థం చేయడమేనన్న అభిప్రాయం మాలో చాలమందికి ఉండేది. ఒక బీకరు, చిటికెడు మైలుతుత్తం, ఒక ఇనుపమేకు, ఒక అల్యూమినియం రేకుముక్క ఆ అభిప్రాయాన్ని సడలించినవి. ఆ వృత్తాంతమే ఇక్కడ వివరింపదలచినాము.

100 మిల్లీలీటర్ల నీటిలో 2.5 గ్రాముల మైలుతుత్తాన్ని కరిగించినాము. ద్రావణం నీలివర్ణం దాల్చినది. ఆ నీలిమ నీటిలోని రాగి అయానులది. గరుకు కాగితంతో రుద్ది శుభ్రపరచిన మేకును దారంతో అందులో వ్రేలాడదీయగా కొద్ది నిమిషాలలోనే దానిపై ఎర్రని పూత ఏర్పడినది. మరునాటికి నీలిమ క్షీణించి లేత ఆకుపచ్చ ఛాయ మిగిలినది.

ఇనుప పరమాణువులు తమ ఎలక్ట్రానులను విడిచి నీటిలోనికి పోవును. రాగి అయానులు వాటిని గ్రహించి లోహంగా మారి మేకునంటుకొనును. దీనినే స్థానభ్రంశ చర్య అంటారు. 56 గ్రాముల ఇనుము కరిగితే 63.5 గ్రాముల రాగి బయటికి వస్తుంది. అనగా రాగి రాలిపోకుండా అంటియున్నంతవరకు మేకు బరువు పెరగవలెను. తరుగుతుందనుకొన్న మాకిది వింతగా తోచినది.

ఈ చర్య క్రొత్తది కాదు. చైనాలో సోంగ్ వంశీయుల కాలంలో, 11వ శతాబ్దిలోనే, ఈ విధంగా రాగిని ఉత్పత్తి చేసినారు. ఇనుమే రాగిగా మారుతున్నదని పూర్వులు కొందరు భ్రమించినారు. ఉర్దూలో నేటికీ రసాయనశాస్త్రాన్ని కీమియా అంటారు గదా! లోహాలను మార్చవలెనన్న పాత ఆశ ఆ మాటలో ఇంకా వినిపిస్తుంది. కాని ఇనుము రాగి కాలేదు. రాగి మొదటినుండి నీటిలోనే ఉన్నది. క్షీణించిన నీలిమయే అందుకు సాక్షి.

ఇక అల్యూమినియం సంగతి. చర్యాశీలతా శ్రేణిలో అది ఇనుముకంటె పైన ఉన్నది. కావున మరింత వేగంగా రాగిని వెడలగొట్టవలెను. రేకును వేసి పది నిమిషాలు చూచినాము. ఏమియు జరుగలేదు. అయినను మాలో సగంమంది అప్పటికే రికార్డులో "ఎర్రని పూత ఏర్పడినది" అని వ్రాసివేసినారు. పుస్తకంలో అట్లే ఉన్నది మరి! మా అధ్యాపకులు ఆ వాక్యాన్ని కొట్టివేయించి, కంటికి కనబడినదే వ్రాయుమన్నారు. "మార్పు లేదు" అని వ్రాయుటకు మాకు చాల సంకోచం కలిగినది. మార్కులు పోవునేమో అన్న భయం అది.

తరువాత వారు చెంచాడు మామూలు ఉప్పు వేయించినారు. ద్రావణం కొంత ఆకుపచ్చగా మారినది. బుడగలు లేచినవి. రేకు చిల్లులుపడి, ముక్కలై, ఎర్రని పొడి అడుగున చేరినది. బీకరు చేతికి వేడిగా తగిలినది. ఆ బుడగలు హైడ్రోజనువి, కనుక దగ్గరలో మంట ఉండరాదు.

అల్యూమినియంకు గాలి తగిలినంతనే దానిపై కంటికి కనబడని ఆక్సైడు పొర ఏర్పడుతుంది. గీకివేసినను క్షణాలలో మరల వస్తుంది. ద్రావణాన్ని లోహం దరికి రానీయనిది ఆ పొరయే. ఉప్పు దానిని ఛేదించినది. ఉప్పులో ఏ భాగం? సోడియం సల్ఫేటు వేసి చూచినాము, చలనం లేదు. పొటాషియం క్లోరైడు వేయగా చర్య ఆరంభమైనది. కావున పొరను భేదించినది సోడియం కాదు, క్లోరైడు.

ఊరగాయను అల్యూమినియం గిన్నెలో ఉంచక జాడీలో పెట్టే మన తల్లులకు ఈ సమీకరణం తెలియదు, ఫలితం తెలియును. ఉప్పు, పులుపు కలిసి గిన్నెను తినివేస్తాయి. రాగి దేగులకు కళాయి పూసే పనివారు కాలిన పాత్రపై నవసాగరం చల్లి రుద్దుతారు. వారు నౌసాదర్ అనే ఆ పదార్థం అమ్మోనియం క్లోరైడు. పాత్రపై ఉన్న ఆక్సైడును అది తొలగించిన తరువాతనే తగరం రాగికి అంటుకొంటుంది.