సున్నలు పెరిగిన నోట్లు

తపాలా బిళ్ళలను, పాత నాణెములను సేకరించువారు మనలో పలువురు గలరు. కాగితపు నోట్లను సేకరించువారు వారికంటె తక్కువ. వారిలోను, విలువ నశించిన నోట్లనే వెదకి కూర్చుకొనువారు కొందఱున్నారు. చెల్లని నోటుతో నేమి పనియని తోచవచ్చును. కాని ఒక దేశపు ద్రవ్యము కూలినపుడు జనులేమనుభవించిరో చెప్పుటకు ఆ నోటుకంటె నమ్మదగిన సాక్షి లేదు.

ప్రభుత్వము రాబడి చాలక, లోటును నోట్ల ముద్రణముతో పూడ్చుచు పోయినచో, సరకులు పెరుగకయే ద్రవ్యము పెరుగును, ధరలు లేచును. లేచిన ధరలకు చాలునట్లు మరల నోట్లు అచ్చువేయవలసివచ్చును. ఈ వలయము కట్టుదప్పిన స్థితియే అతి ద్రవ్యోల్బణము.

దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణము జర్మనీ. మొదటి ప్రపంచయుద్ధమునకు ముందు 4.2 మార్కులకు ఒక అమెరికా డాలరు లభించెడిది. యుద్ధపు అప్పులు, పరిహారపు భారము, 1923లో రూర్ ప్రాంతపు ఆక్రమణము ఒకదానిపై నొకటి వచ్చిపడెను. ఆ సంవత్సరము నవంబరు నాటికి అదే డాలరు 4,20,000 కోట్ల మార్కులయ్యెను. కొత్త నోట్లకు వ్యవధి చాలక, 1922 డిసెంబరు తేదీ గల వెయ్యి మార్కుల నోటుపై ఎఱ్ఱసిరాతో నూఱుకోట్ల మార్కులని అడ్డముగా అచ్చొత్తి విడుదల చేసిరి. అనేకములైన నోట్లకు ఒకవైపు మాత్రమే అచ్చు. అవియు చాలక పట్టణములు, కర్మాగారములు తమ సొంత నోట్లను వేసికొనెను. వానిని నోట్‌గెల్డ్ అందురు. మన మాటలో ఆపద్ధనము. బీలెఫెల్ట్ నగరము పట్టుగుడ్డపై సైతము అచ్చువేయించెను. తుదకు 1923 నవంబరులో రెంటెన్‌మార్కు వచ్చెను. లక్షకోట్ల పాత మార్కులు ఒక్క కొత్త మార్కునకు సమానము. ఋణగ్రస్తుల అప్పులు తేలికగా తీరెను. జీవితమంతయు కూడబెట్టుకొన్నవారి సొమ్ము రొట్టెముక్కకైనను చాలకపోయెను.

హంగెరీ కథ ఇంతకంటె తీవ్రము. 1946 జూలైలో అచట ధరలు పదునైదు గంటల కొకసారి రెట్టింపగుచుండెను. సున్నలు పట్టక, పదిలక్షల పెంగోలకు మిల్‌పెంగో యనియు, లక్షకోట్ల పెంగోలకు బి-పెంగో యనియు పేర్లు పెట్టిరి. చెలామణిలోనికి వచ్చిన వానిలో మిక్కిలి పెద్దది పదికోట్ల బి-పెంగోల నోటు. అనగా ఒకటి ప్రక్కన ఇరువది సున్నలు. ఆగస్టు 1న ఫోరింటు రాగానే అది కథగా మిగిలెను.

జింబాబ్వే 2009 జనవరిలో కోటికోట్ల డాలర్ల నోటును విడుదల చేసెను. దానిపై ఒకదానిపై నొకటి నిలిచిన బండల బొమ్మ గలదు. 2015లో ఆ నోటునకు అచటి ప్రభుత్వమిచ్చినది 40 అమెరికా సెంట్లు. సేకర్తలు మాత్రము అంతకు పెక్కురెట్లు చెల్లించిరి. ద్రవ్యముగా మరణించినది వస్తువుగా బ్రతికినది!

సేకరింపదలచినవారు గమనింపవలసినది ఒకటి కలదు. సున్నలు ఎక్కువైనంతమాత్రమున నోటు అరుదు కాదు. ఎన్ని మిగిలినవి, ఏ స్థితిలో నున్నవి అనునవే వెలను నిర్ణయించును. అరుదైన నోటును కొనునపుడు కాగితమును, నీటిగుర్తును సరిచూచుకొనవలెను, నకిలీలు లేకపోలేదు. మడతలు పోవుటకు ఇస్త్రీ చేయరాదు, కడుగరాదు, జిగురుతో అంటింపరాదు. వెలుతురు, తేమ తగులకుండ విడివిడిగా నుంచవలెను.

వందలకొలది నోట్లు అక్కఱలేదు. యుద్ధమునకు ముందు ఎఱ్ఱముద్రతో వెలువడిన 1910 నాటి వెయ్యి మార్కుల నోటును, ఎఱ్ఱసిరాతో నూఱుకోట్లయిన నోటును ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. మొదటిది ఒక్కటే ఆనాడు 238 డాలర్లకు సాటి. రెండవవి 4,200 కూర్చినగాని, 1923 నవంబరులో ఒక్క డాలరు రాదు. నోటుపైని అంకె విలువ కాదు, మాట మాత్రమే. ఆ మాట నిలువనినాడు నష్టపోవువాడు దానిని నమ్మి దాచుకొన్నవాడే.