బొంబాయి గదియా, శివారు ఇల్లా?

తెలంగాణము నుండి వలస వచ్చిన మన పద్మశాలి కుటుంబములు అనేకము మూడు నాలుగు తరములుగా బొంబాయిలో వర్లీ, ప్రభాదేవి, లోయర్ పరేలు ప్రాంతముల చాళ్లలో నివసించుచున్నవి. మిల్లు కూత వినబడునంత దూరములో ఇల్లుండవలెననుటయే పెద్దల లెక్క. 1982 జనవరి 18న ఆరంభమైన మిల్లు కార్మికుల సమ్మె తరువాత మిల్లులు ఒకటొకటిగా మూతబడినవి. మిల్లు పోయినది, గది మిగిలినది. ఆ గదిని వదలి కల్యాణు, డోంబివలీ, భివండీల వైపు పోవుటయా, ఉన్నచోటనే ఉండుటయా అని మన సభ్యులు తరచుగా అడుగుచున్నారు. అందరికి ఒకటే సమాధానము లేదు గాని, లెక్క వేయవలసిన పద్ధతి మాత్రము ఒకటే.

మొదట గది సంగతి. బొంబాయి డెవలప్‌మెంటు డిపార్టుమెంటు వారు 1920 తరువాత కట్టించిన బి.డి.డి. చాళ్లలో ఒక్కొక్క గది 160 చదరపు అడుగులు. మరుగుదొడ్లు అందరికి ఉమ్మడివి. అంత ఇరుకులో పెద్ద సంసారములు ఎట్లు సాగినవనగా, వరండా కూడ ఇంటిలో భాగమగుట చేతనే. తల్లి పనికి పోయిన పసిబిడ్డను పక్కగదివారు చూచెడివారు. పెండ్లికైనను చావుకైనను పిలువకయే నలుగురు వచ్చెడివారు. ఈ సహాయమునకు రసీదు లేదు గనుక మనము దీనిని లెక్కలో వేయము. దూరము పోయిన పిదప దాని వెల తెలియును.

ఈ చాళ్లను పడగొట్టి, అర్హులైన అద్దెదారులకు 500 చదరపు అడుగుల సొంత ఇండ్లు ఇచ్చు పథకమును మ్హాడా సంస్థ నడుపుచున్నది. వర్లీలో మొదటి ఇండ్ల తాళములు 2025 ఆగస్టులో ఇచ్చినారు. కావున ఇట్టి చాళ్లలో పేరు నమోదైనవారు తొందరపడి గదిని అమ్ముకొనరాదు. అయితే పెద్ద మేడలో లిఫ్టునకు, నీటికి, కాపలాకు నెలనెల ఖర్చుండును. దానిని భరింపగలమా అని కూడ ముందే చూచుకొనవలెను.

ప్రైవేటు యజమానుల పగిడీ గదుల సంగతి వేరు. వీనికి 1999 నాటి మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టము వర్తించును. ఇందులో రెండు సంగతులు గుర్తుంచుకొనవలెను. ఇంటి అద్దెదారు మరణించినచో, అప్పుడు అతనితో కూడ ఆ ఇంట నివసించుచున్న కుటుంబ సభ్యునికి హక్కు సంక్రమించును. సరియైన కారణము లేక వరుసగా 6 నెలలు గదిని వాడకయున్నచో, ఖాళీ చేయింపుమని యజమాని కోర్టుకు పోవచ్చును. గదికి తాళము వేసి శివారులో కాపురముండి, గది ఎక్కడికి పోవునులే అని ధీమాగా నుండుట మంచిది కాదు.

ఇక శివారు సంగతి. అదే సొమ్మునకు అక్కడ ఎక్కువ చోటు దొరకును, పిల్లలు చదువుకొనుటకు ఒక మూల దొరకును. ఇది చిన్న లాభము కాదు. కాని కల్యాణు నుండి బొంబాయి పెద్ద స్టేషనుకు సుమారు 54 కిలోమీటర్లు. స్టేషనుకు నడక, లోకలు ప్రయాణము, మరల అటునుండి నడక కలిపి రోజుకు 3 గంటలు పోయినచో, నెలకు 25 దినములకు 75 గంటలగును. అనగా 8 గంటల పనిదినములు 9కి పైగా రైలులోనే గడచును. నగరములో పని గలవారు ఇంటి ధరతో పాటు దీనిని కూడ కలుపుకొనవలెను.

పనియే భివండీలో ఉన్నవారికి ఈ లెక్క తలక్రిందులగును. మరమగ్గముల షెడ్లు అక్కడనే యున్నవి. పద్మనగరములో బజారుకు పోయినను తెలుగు మాట వినబడును. చేతిమగ్గము పెట్టదలచినవారు మాత్రము మేడమీది ఇల్లు కొనరాదు. గుంటమగ్గమునకు నేల కావలెను. పలక దెబ్బ క్రింది ఇంటివారికి నిద్ర పట్టనీయదు. పడుగు చాచుటకు పొడవైన చోటు ఉండవలెను. నేల అంతస్తులో ఇల్లు చూచుకొని, మగ్గమునకు ఆ సొసైటీవారి అనుమతిని ముందే వ్రాతమూలముగా పొందుట మేలు.

అన్నింటికంటె ముఖ్యము కాగితములు. 2013 ఏప్రిల్ 4న ముంబ్రా దగ్గర అనుమతి లేక కట్టుచున్న మేడ కూలి 74 మంది మరణించిరి. చవుకగా వచ్చినదని అప్పటికే కొందరు అందులో కాపురముండిరి. 2020 సెప్టెంబరులో భివండీలోనే ఒక పాత మేడ కూలి ఎన్నో కుటుంబములు నాశనమైనవి. కావున కొనబోవువారు ఈ క్రింది వానిని తప్పక చూడవలెను:

1. మునిసిపాలిటీ ఇచ్చిన కట్టడపు అనుమతి, పూర్తయిన ఇంటికి ఆక్యుపెన్సీ సర్టిఫికేటు.

2. కొత్త కట్టడమైనచో రేరా రిజిస్ట్రేషను నంబరు. 2016 నాటి ఈ చట్టము ప్రకారము, అగ్రిమెంటు రిజిస్టరు కాకముందు ధరలో నూటికి 10 వంతులకు మించి బిల్డరు తీసికొనరాదు.

3. కార్పెట్ ఏరియా, అనగా గోడల లోపల మనము వాడుకొను చోటు. ప్రకటనలోని పెద్ద అంకెను చూచి మోసపోరాదు.

4. పాత మేడయైనచో దాని గట్టితనమును గూర్చి ఇంజనీరు ఇచ్చిన రిపోర్టు.

5. భూమి సొసైటీ పేరిట వ్రాయబడినదా లేదా అనునది. బిల్డరు వ్రాసి ఇయ్యనిచో, అధికారి ద్వారా ఆ హక్కు పొందు మార్గము 2008 నుండి చట్టములో కలదు.

ఇంకొక మాట. హౌసింగు సొసైటీ కూడ మన నేత సంఘము వంటి సహకార సంఘమే. 1960 నాటి సహకార చట్టమే దానికిని ఆధారము. సర్వసభ్య సమావేశమునకు పోవుట, లెక్కలు అడుగుట మనకు కొత్త కాదు. ఎరిగిన నాలుగైదు కుటుంబములు కలసి ఒకే సొసైటీలో ఇండ్లు చూచుకొన్నచో, చాలులోని ఇరుగుపొరుగు సహాయము కొంతవరకైనను నిలుచును. ఒంటరిగా పోయినవారు తలుపులు మూసిన మేడలో పలుకరించువారు లేక కుందుట కలదు. ముఖ్యముగా వృద్ధులకు, పగలంతయు ఇంటనే యుండు స్త్రీలకు ఈ బాధ అధికము. కావున ఇల్లు నిశ్చయించునపుడు వారి అభిప్రాయము మొదట అడుగవలెను.

ఉండుటకైనను పోవుటకైనను తప్పు లేదు. కాని కొత్త ఇంటి కాగితములు సరిచూచి చేత పట్టుకొనువరకు పాత గది తాళపుచెవి వదలరాదు. సంతకము చేయుటకు ముందు కాగితములను ఒక వకీలుకు చూపుడు. ఆ ఖర్చు ఇంటి ధరలో ఒక మూలకు రాదు.